సరస్సు తిరిగి వచ్చిన రోజు

నీళ్ళు కేతన మోకాళ్ళు దాటాయి.

కాగడా వెలుగులో తెల్లటి జీవులు గుంపులు గుంపులుగా ఎదురు ఈదుకొస్తున్నాయి. జానెడు పొడవు, కళ్ళు లేని తలలు, పసిపిల్లల వేళ్ళంత కాళ్ళు నాలుగు, మెడకు రెండు పక్కలా ఎర్రటి కుచ్చులు. గహ్వరదేశంలో వాటిని నాగశిశువులంటారు. నేల అడుగున నిద్రపోతున్న మహానాగు పిల్లలని అక్కడివాళ్ళ నమ్మకం. అవి నూరేళ్ళు బతుకుతాయి, ఏళ్ళ తరబడి తిండి లేకుండా ఉంటాయి, చీకటి వదిలి రావు. అలాంటివి పైకి వస్తున్నాయంటే అడుగునుంచి వరద తన్నుకొస్తోందన్నమాట.

అంటే సరస్సు తిరిగి వస్తోంది. ఆ సరస్సు నడిమధ్యన, ఎండిన బురదలో పాతిన గుంజకు అతని అక్క నాగసానిని కట్టేసి ఉంచారు.

కేతన పళ్ళు బిగించి ముందుకే పరిగెత్తాడు. వెనక్కి తిరిగితే తను బతుకుతాడు, అక్క బతకదు.

గహ్వరదేశం బోలుదేశం. మంచుకొండలకూ ఉప్పు సముద్రానికీ మధ్య ఇరుక్కున్న చిన్న రాజ్యం. గుర్రమెక్కితే మూడు రోజుల్లో ఈ కొస నుంచి ఆ కొసకు చేరవచ్చు. పైన దేవదారు అడవులు, అడుగున సున్నపురాయి. వాననీరు ఆ రాతిని యుగాలుగా తొలిచి దేశం కింద మరో దేశాన్ని చెక్కింది. అక్కడ నది సైతం ఒకే దారిన పోదు. కొండలో పుట్టి, రెండు కోసులు పారి, నేలలోకి దూకి మాయమవుతుంది. మరో లోయలో బయటపడి మరో పేరుతో పారుతుంది. అలా ఏడుసార్లు పుట్టే ఆ నదికి ఏడు పేర్లు. సరస్సుదీ అదే తంతు. వేసవి చివర అడుగున ఉన్న బిలాల్లోంచి నీరంతా జారిపోతుంది. జనం పడవలు ఒడ్డుకు లాగి, సరస్సు నేల మీద గడ్డి కోసుకుంటారు. శరత్కాలపు వాన కొండల మీద పడగానే అవే బిలాల్లోంచి నీరు ఎగదన్ని ఒక్క పూటలో సరస్సు నిండుతుంది. గడ్డి కోసిన చోటే చేపలు పడతారు.

ఇంత చిన్న దేశాన్ని పెద్ద దేశాలు ఏనాడూ ఊరికే వదల్లేదు. ఉత్తరాన హేమకూటం వాళ్ళు రెండు వందల ఏళ్ళు ఏలారు. పడమటి సముద్రరాజులు వచ్చి కోటలు కట్టి పోయారు. తూర్పు నుంచి అశ్వసేనలు వచ్చి ఊళ్ళు తగలబెట్టాయి. సేనలు వచ్చినప్పుడల్లా జనం పశువులతో సహా గుహల్లోకి దిగిపోయేవారు, అవి పోయాక పైకొచ్చి మళ్ళీ దున్నుకునేవారు. సొంత సింహాసనం దక్కి ముప్పై ఏళ్ళయింది. దాని మీద కూర్చున్న చిత్రభానుడు, దేశాన్ని తిరిగి హేమకూటం జెండా కిందకు చేర్చడానికి ఒప్పుకున్నానని చాటింపు వేయించాడు. పక్షం తిరక్కుండానే చచ్చిపోయాడు.

అది మూడు రోజుల కిందటి మాట. రాజు రోజూ తాగే పాలలో తేనె ఉంది, తేనెలో విషం ఉంది. రాజుగారి తేనెపెట్టెలు చూసేది నాగసాని. అంతే, ఇక విచారణ అక్కర్లేకపోయింది. ఆమె నోటికి ఉన్నిగుడ్డ కట్టి సరస్సులోకి నడిపించారు. ఆ దేశంలో రాజహత్యకు శిక్ష సరస్సు వేస్తుంది. నీరు తల మీదకు వచ్చేలోగా అసలు దోషి పేరు రాజు నోటో, రాజు కాబోయేవాడి నోటో బయటపడితే తాళ్ళు కోస్తారు. లేకపోతే లేదు. ఎలుగుబంట్ల జాడలు తీసి బతికే తమ్ముడు కేతన, కోట కిటికీ కింద రాత్రీ పగలూ కూర్చున్నాడు.

చివరికి రాజమాత మణిమేఖల ఆ కిటికీలోంచే అతనితో మాట్లాడింది. కొడుకు పోయిన తల్లి తొమ్మిది రోజులు గడప దాటకూడదని అక్కడి ఆచారం. విషం కాచింది మాంత్రికుడు ధూమకేశుడేనని, వాడు ఆరో బిలం కింది గుహలో నక్కి ఉన్నాడని, నీళ్ళు రావడానికి ఇంకా రెండు రోజులు పడుతుందని, వాణ్ణి ప్రాణాలతో తెస్తే నాగసానిని విడిపిస్తానని చెప్పింది. ఆమె కాళ్ళు అందక కేతన కిటికీ కింది గోడకే దండం పెట్టి వచ్చాడు.

నీళ్ళు రెండు పూటలు కూడా ఆగలేదు.

గుహ మలుపు తిరిగేసరికి ఒక మహామందిరం కళ్ళముందు విచ్చుకుంది. మనిషి కట్టింది కాదు. పైకప్పు నుంచి వేలాడే స్తంభాలు, నేలలోంచి మొలిచిన స్తంభాలు, కొన్ని ఏనుగు దంతాల్లా, కొన్ని ఆరేసిన చీర కుచ్చిళ్ళలా, కొన్ని దూకుతూ దూకుతూ గడ్డకట్టిన జలపాతాల్లా ఉన్నాయి. బొట్టు వెంట బొట్టు రాలి, గోరంత మందం పెరగడానికి ఒక తరం పట్టిన నిర్మాణం. కాగడా వెలుగు పడిన చోటల్లా తేనె రంగు, పడని చోట కాటుక. ఆ నడుమ ఎత్తైన రాతి అరుగు మీద ధూమకేశుడు మూట సర్దుకుంటున్నాడు. జడలు కట్టిన అతని జుట్టులోంచి సన్నగా పొగ లేస్తోంది.

కేతన కత్తి తీయలేదు. పైకి వచ్చి నిజం చెప్పమనీ, ప్రాణానికి తను పూచీ అనీ అడిగాడు.

ధూమకేశుడు మూట ముడి వేస్తూనే నవ్వాడు. “తేనెటీగలకు పొగబెట్టుకునే ఇంట్లో పుట్టి నన్ను పట్టుకోవడానికొచ్చావట్రా? పొగంటే ఏమిటో చూడు.”

తల విదిల్చాడు. జుట్టులోని పొగ నేల మీదకు జారి, ముద్దకట్టి, లేచి నిలబడింది. నిలువెత్తు ఎలుగుబంటి. పంజాలు స్తంభాల మీద గీరుకుంటూ నోరు తెరిచి మీదికి వచ్చింది. కేతన ఒక అడుగు వెనక్కి వేశాడు. అంతలో ముక్కు అతనికి ధైర్యం చెప్పింది. ఎలుగుబంటి ఉన్న చోట ముందు కంపు ఉంటుంది. తడిసిన కంబళి, కుళ్ళిన పండ్లు కలిసిన కంపు. దీనికి ఏ వాసనా లేదు. అతను కళ్ళు మూసుకుని దాని కడుపులోంచి నడిచి వెళ్ళాడు. పొగ ముక్కలైంది.

ధూమకేశుడు మళ్ళీ విదిల్చాడు. ఈసారి చెవుల కొసన నల్లటి కుచ్చులున్న అడవిపిల్లి, దూడంత ఎత్తున, స్తంభం మీంచి దూకింది. కేతన దానిలోంచీ నడిచాడు. మూడోసారి విదిలిస్తున్నాడనగా కేతన ఠక్కున ఆగిపోయాడు. ఎక్కడినుంచో తడి కంబళి కంపు వచ్చింది.

అతను శబ్దం చేయకుండా ఒక స్తంభం వెనక్కి ఒదిగి కాగడా నీళ్ళలో ముంచాడు. గుహ కప్పులోని పగుళ్ళలోంచి జారే గుడ్డి వెలుగు మాత్రం మిగిలింది. కింది గుహలో చలికాలపు నిద్రకు ఒళ్ళు ముడుచుకున్న ఆడ ఎలుగుబంటిని వరద లేపేసినట్టుంది. నీళ్ళోడుతూ చీకట్లోంచి బయటికి వచ్చింది. ధూమకేశుడు దాన్ని చూసి తన మూడో పొగ అనుకున్నాడు. మెచ్చుకోలుగా తల పంకించాడు కూడా. అరుగు దిగి, దాని పక్కకే వచ్చి, చెయ్యి చాపి కేతన దాగిన స్తంభాన్ని చూపించాడు. “పో, వాణ్ణి చీల్చు” అన్నాడు.

అది అతన్ని చీల్చింది. ఒక్క దెబ్బ. ఆ తరువాత అటూ ఇటూ చూడకుండా, మందిరం చివర ఉన్న సందులోకి పాక్కుంటూ ఎక్కిపోయింది.

కేతన పరిగెత్తుకుని వెళ్ళేసరికి ధూమకేశుడు స్తంభానికి చేరగిలబడి ఉన్నాడు. పక్కటెముకల మీద పెట్టుకున్న చెయ్యి ఎర్రగా ఉంది.

“అది నాది కాదూ?” అన్నాడు, నమ్మలేనట్టు.

“కాదు. విషం ఎవరికిచ్చావు?”

ముఖం చూడలేదన్నాడు మాంత్రికుడు. పొగమంచు దట్టంగా ఉన్న ఒక ఉదయం పడవల పాక వెనక, నిండా ముసుగు కప్పుకున్న మనిషి గుసగుసగా అడిగితే ఇచ్చాడట. రోజుకో చుక్క పాలలో కలిపితే తొమ్మిదో రోజున ప్రాణం పోతుందని చెప్పాడట. “అప్పుడు ఏమన్నారో తెలుసా? తొమ్మిది రోజులా, మంచిదే, ఈగలకు చెప్పుకోవడానికి వ్యవధి ఉంటుంది అన్నారు. నాలుగు దేశాలు తిరిగినవాణ్ణి. విషం అడిగిన వాళ్ళెవరూ నాతో ఈగల సంగతి ఎత్తలేదు. ఇదేం పిచ్చి దేశంరా మీది?”

ఆ మాటతో అతని జుట్టులోని పొగ ఆరిపోయింది.

మాంత్రికుడికి అర్థం కానిది కేతనకు అర్థమైంది. గహ్వరదేశంలో తేనెటీగలు ఇంట్లో మనుషుల కింద లెక్క. ఇంటి యజమాని పోతే ఆ ఇంటి మనిషి, ఆ ఇంటి పొయ్యి మీద వండింది తినే మనిషి, చెప్పుల్లేని కాళ్ళతో తేనెపెట్టెల దగ్గరికి వెళ్ళాలి. ఒక్కో పెట్టె మీద మూడుసార్లు తట్టి, ఫలానావారు పోయారని చెప్పాలి. తన తలవెంట్రుక ఒకటి తెంచి పెట్టె ద్వారానికి అడ్డంగా కట్టాలి. మేమింకా ఉన్నాం, మీరు వెళ్ళిపోవద్దు అని దాని అర్థం. చెప్పకపోతే మూడో రోజుకల్లా ఈగలు లేచిపోతాయి. ఈగలు లేచిపోయిన ఇల్లు నిలవదు. పగవాడి ఇంట్లో పీనుగ లేచినా, వాళ్ళ ఈగలకు ఎవరైనా చెప్పారా అని ఆరా తీసే జనం వాళ్ళు. రాజుకు విషం పెట్టడానికి చెయ్యి వణకని మనిషికి, ఈగలకు చెప్పకుండా ఉండడానికి మాత్రం మనసు ఒప్పలేదు.

రాజు పోయిన ఉదయం నాగసాని తేనెపెట్టెలు చూసి వస్తానని ఇంట్లోంచి బయల్దేరింది. అక్కణ్ణుంచి తిన్నగా కోటలోకి వెళ్ళింది. మళ్ళీ తిరిగి రాలేదు. ఆమె ఆ పెట్టెల దగ్గర ఏం చూసిందో కేతనకు ఇప్పుడు తోచింది.

నీళ్ళు నడుముకు వచ్చాయి. వచ్చిన దారి మునిగిపోయింది. కేతన ఎలుగుబంటి పోయిన సందులో దూరాడు. పొడి నేల ఎటుందో దానికి తెలిసినట్టు మనిషికి తెలియదు. భుజాలు గీరుకుపోయే సందు, పైన అరచెయ్యంత ఖాళీ. ముందు ఎక్కడో గోళ్ళ చప్పుడు, వెనక నీళ్ళ హోరు. ఒకచోట రాయి జారి నిలువునా కిందికి పోయాడు. వేళ్ళకు దొరికిన సున్నపు బొడిపె అతన్ని ఆపింది. మరోచోట ఎలుగుబంటి ఆగింది. దాని ఊపిరి వేడి అతని ముఖానికి తగిలింది. అతను ఊపిరి బిగబట్టి ఉన్నాడు. అది కదిలాక తనూ కదిలాడు. చివరికి దేవదారు వేళ్ళ మధ్య బూడిదరంగు ఆకాశం కనిపించింది. ఎలుగుబంటి అప్పటికే అడవిలో కలిసిపోయింది.

బయట వాన సన్నగా మొదలైంది. కొండల మీద మేఘాలు తడి గొర్రెల్లా దిగి ఉన్నాయి. కింద సరస్సు నేల కనిపిస్తోంది. బిలాల నోళ్ళలోంచి నీరు బుడగలు కక్కుతూ, పసుపు గడ్డి మీద వెండిరేకులా పరుచుకుంటోంది. నడుమ గుంజ దగ్గర చిన్న నల్లటి ఆకారం. నీరు దాని మోకాళ్ళ దాకా ఉంది.

కేతన ఆ వైపు పోలేదు. గుంజ దగ్గరికి వచ్చినవాణ్ణి వచ్చినట్టే బాణాలతో కొట్టమని ఆజ్ఞ ఉంది. అతను రాజుగారి తేనెతోట వైపు పరిగెత్తాడు. దారిలో రాజుగారి గుర్రాలు తలలు వంచి తడుస్తున్నాయి. నల్లగా పుట్టి, ఎదిగేకొద్దీ తెల్లబడే జాతి అవి. అతని పరుగుకు బెదిరి కొండవాలు పొడుగునా తెల్లటి ధారలా చెదిరాయి.

తేనెతోటలో పదిహేడు పెట్టెలున్నాయి. ప్రతి పెట్టె ముందు చెక్క మీద ఒక బొమ్మ. ఒకదాని మీద వేటగాడి పాడె మోస్తున్న ఎలుగుబంట్లు, మరోదాని మీద గుర్రానికి పాఠం చెబుతున్న నక్క. చలికాలం వస్తోందని పక్షం రోజుల కిందటే నాగసాని వాటి మీద గడ్డి కప్పింది. అలా కప్పాక పని ఉంటే తప్ప ఎవరూ ముట్టుకోరు. కేతన మొదటి పెట్టె మీది గడ్డి తొలగించాడు.

ద్వారానికి అడ్డంగా వెంట్రుక ఉంది. రెండో పెట్టెకూ ఉంది. పదిహేడింటికీ ఉంది.

అతను వంగి చూశాడు. ఈగలు చెట్ల బంక తెచ్చి తమ ఇంట్లోకి వచ్చిన పరాయి వస్తువునల్లా అతికేస్తాయి. కొత్త బంక ఎర్రగా, వేలికి సాగుతుంది. రోజులు గడిచేకొద్దీ ముదురు గోధుమరంగుకు తిరిగి గట్టిపడుతుంది. వెంట్రుక రెండు కొసల మీదా పేరుకున్న బంకను కేతన గోటితో నొక్కాడు. టప్పున గాజులా విరిగింది. అది పది పన్నెండు రోజుల నాటి బంక. రాజు పోయి మూడు రోజులే అయింది.

రాజు బతికి పాలు తాగుతుండగానే ఎవరో వచ్చి, ఆయన పోయాడని ఈగలకు చెప్పి వెళ్ళారు.

వెంట్రుక నెమ్మదిగా లాగి చేతికి చుట్టుకోకుండా చాచి చూశాడు. వేలి కొస నుంచి భుజం దాటింది. ఈ కొస నుంచి ఆ కొస దాకా తెలుపు. చిత్రభానుడి భార్య ఏనాడో పోయింది, పిల్లలు లేరు. ఆ పొయ్యి మీద వండింది తినేవాళ్ళు ముగ్గురే. ఒకరు పోయిన రాజు. రెండోవాడు తమ్ముడు అరిందముడు, నెల్లాళ్ళుగా సరిహద్దులో ఉండి నిన్ననే వచ్చినవాడు, నల్లటి ఉంగరాల జుట్టువాడు.

కేతన తల ఎత్తి కోట వైపు చూశాడు. అదే కిటికీ తెరిచి ఉంది. చావు జరిగాక తొమ్మిది రోజులు గడప దాటడానికి లేని మనిషి, ఈగలు మూడు రోజులకు మించి ఆగవని తెలిసిన మనిషి, ముందే వచ్చి చెప్పుకుంది. నీళ్ళు రావడానికి రెండు రోజులు పడుతుందని తనకు చెప్పిందీ ఆమే. కేతన గోడకు దండం పెట్టిన చేతులు చూసుకున్నాడు. మూడు పెట్టెల ద్వారపు చెక్కలు, బంకతో వెంట్రుకతో సహా ఊడదీసి కోటు కింద దోపుకున్నాడు.

ఇక మిగిలింది వినేవాళ్ళు. కేతన మాట వినే సభ ఆ దేశంలో లేదు. ఒక్క చోటు తప్ప.

గహ్వరదేశంలో రాజుకు కిరీటం పెట్టేది పురోహితుడు కాదు. సరస్సు నేలలో చిన్న దిబ్బ మీద ఒక రాయి ఉంది. నీళ్ళున్న రోజుల్లో అది మునిగి ఉంటుంది. దాని మీద ఒక రైతు కూర్చుంటాడు. రాజు కాబోయేవాడు ముతక ఉన్ని బట్టలు కట్టి, ఒక చేత ఎద్దును, ఒక చేత గుర్రాన్ని పట్టుకుని వచ్చి అతని ముందు నిలబడాలి. రైతు మూడు ప్రశ్నలు అడుగుతాడు. జవాబులు నచ్చితే రాజు చెంప మీద మెల్లగా ఒక దెబ్బ వేసి రాయి దిగుతాడు. అతను దిగేదాకా ఎవడూ రాజు కాడు. ఆ కాసేపు రైతు రాజును నువ్వు అంటాడు, రాజు రైతును మీరు అంటాడు. రాయి మీది ప్రశ్నకు అబద్ధం చెప్పిన రాజు ఏడాది నిలవలేదని చెప్పుకుంటారు. అరిందముడి పట్టాభిషేకం ఆ మధ్యాహ్నమే. హేమకూటం సేన సరిహద్దులో ఉంది, సరస్సు నిండితే రాయి వసంతం దాకా దొరకదు.

రాయి హక్కు ఉన్న ముసలి రైతు గవరయ్య, ఒడ్డున గడ్డిపాకలో కూర్చుని పెద్ద టోపీ, గొర్రెతోలు తొడుక్కుంటున్నాడు. కేతన చెప్పిందంతా, ఈసారి రాయి తనకిమ్మన్న మాటతో సహా, విన్నాడు. చెక్కలు తిప్పి చూసి, బంక వాసన చూశాడు.

“పోయినసారి ఆ రాయి మీద కూచుంటే మూడు నెల్లు నడుం పట్టేసిందిరా. ఇంకెవరికన్నా ఇద్దామనే ఉంది. కానీ దున్నేవాడు తప్ప ఇంకోడు కూచోకూడదు. ఈగల్ని మేపే ఇంటోడు రైతెట్టా అవుతాడు?”

“నీ తోటలో పూతంతా కాయలయ్యేది ఎవరివల్ల తాతా?”

ముసలాయన టోపీ తీసి కేతన నెత్తిన పెట్టాడు. గొర్రెతోలు కప్పి, పాకలో పొయ్యి బూడిద తీసి కనుబొమలకూ గడ్డానికీ పట్టించాడు. వంగి నడవమన్నాడు. మరీ అంత వంగొద్దనీ, తనింకా పాడె ఎక్కలేదనీ విసుక్కున్నాడు.

కేతన రాయి ఎక్కేసరికి దిబ్బ చుట్టూ నీరు తెల్లగా తిరుగుతోంది. అధికారులు, సేనానులు చీలమండల దాకా నీళ్ళలో నిలబడి, తొందరగా అయిపోతే బాగుండునన్నట్టు ఒకరినొకరు చూసుకుంటున్నారు. జనం ఒడ్డున నల్లటి గోడలా ఉన్నారు. వంద బారల అవతల గుంజ. నీరు నాగసాని నడుము దాటింది. ఆమె దిబ్బ వైపు చూస్తోంది. ఇటు కూర్చున్నది ఎవరో ఆమెకు తెలియదు. గుంజకు అటూ ఇటూ రెండు పడవలు, వాటిలో కత్తులు పట్టుకున్న పడవవాళ్ళు. పేరు వస్తే తాడు కోయడానికి, రాకపోతే శవాన్ని తేవడానికి.

అరిందముడు వచ్చాడు. ముతక బట్టల్లో, వానకు తడిసిన ఉంగరాల జుట్టుతో, పాతికేళ్ళ కుర్రవాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. అన్న కోసం ఏడ్చినవాడి కళ్ళు.

కేతన గొంతు మార్చి మొదటి ప్రశ్న అడిగాడు. ఈ వస్తున్నది ఎవరని. ఈ నేల మనిషేనని జనం ఒక్క గొంతుతో జవాబిచ్చారు. రెండో ప్రశ్న అడిగాడు. ఇతను న్యాయం చెప్పగలడా అని. చెప్పగలడన్నారు జనం. మూడో ప్రశ్నగా, నన్ను ఏ హక్కుతో లేపుతావని అడగాలి. కేతన టోపీ తీసేశాడు. ముఖం మీది బూడిదను వాన కడిగేసింది.

సేనాని ఒకడు విల్లు ఎత్తాడు. రాయి మీద రక్తం పడితే రాజ్యమే ఉండదని పక్కవాడు అతని చెయ్యి పట్టుకుని ఆపాడు. గుంజ దగ్గర నాగసాని తమ్ముణ్ణి గుర్తుపట్టినట్టుంది. తాళ్ళు తెంచుకోబోయినట్టు ఒక్కసారి పెనుగులాడింది.

కేతన చెక్కలు బయటికి తీసి అరిందముడికి అందించాడు. మీ ఇంటి ఈగలకు ఎప్పుడు చెప్పారో చూసుకోమన్నాడు. ధూమకేశుడు చనిపోతూ అన్న మాటలు, గుహలోకి తనను ఎవరు పంపారన్నది మాత్రం వదిలి, ఉన్నదున్నట్టు చెప్పాడు. అరిందముడు ఎద్దు తాడూ గుర్రం కళ్ళెమూ మోచేతికి తగిలించుకుని, గోటితో బంక విరిచి చూశాడు. ఆ దేశంలో పుట్టినవాడికి ఆ విద్య ఒకరు నేర్పక్కర్లేదు. అయినా ఒడ్డునుంచి ఇద్దరు తేనెవాళ్ళను పిలిపించాడు. వాళ్ళు ఒకరి తరువాత ఒకరు చూశారు. “పది రోజులకు తక్కువ కాదయ్యా” అన్నాడు మొదటివాడు. రెండోవాడు తల ఊపి, ఎవరి ముఖమూ చూడకుండా వెనక్కి తగ్గాడు.

అరిందముడు వెంట్రుకను రెండు చేతులతో పట్టుకున్నాడు. గాలికి అది చాచుకుని అతని మెడకు, చెంపకు తగిలింది. అతను కోట కిటికీ వైపు చూడలేదు. చూడకుండా ఉండడానికి ఎంత కష్టపడుతున్నాడో కేతనకు కనిపిస్తూనే ఉంది.

“నా మూడో ప్రశ్న ఇదే” అన్నాడు కేతన. “ఈ వెంట్రుక ఎవరిది?”

నీరు గుంజ దగ్గర నాగసాని ఛాతీకి వచ్చింది. దిబ్బ మీద మోకాళ్ళకు వస్తోంది. ఎద్దు బెదిరి తాడు లాగింది.

అరిందముడు రాయికి దగ్గరగా వచ్చాడు, ఇతరులకు వినబడనంత దగ్గరగా. “మీరు దిగండి. రాజునయ్యాక మొదటి మాటగా మీ అక్కను విడిపిస్తాను. ధూమకేశుడే చేశాడని చెబుతాను. చచ్చినవాడు కాదనడు కదా.”

“నువ్వు అబద్ధపు పేరు చెప్పినా తాడు తెగుతుందేమో. కానీ రాయి దిగేముందు నేను నిన్ను చెంప మీద కొట్టాలి. అబద్ధం చెప్పినవాణ్ణి ఆ దెబ్బతో రాజును చేయలేను.” కేతన గుంజ వైపు చెయ్యి చాపాడు. “మా అక్క చావుకు ఇంకో జానెడు నీళ్ళ దూరంలో ఉంది. నేను ఆగగలను, నీళ్ళు ఆగవు. అయినా నేను దిగను.”

“దేశం కోసం చేసి ఉంటుంది” అన్నాడు అరిందముడు. తనలో తను అనుకున్నట్టు అన్నాడు. “అన్నయ్య సంతకం పెట్టేవాడు. సరిహద్దులో వాళ్ళ గుడారాలు నేను చూశాను. ఎవరో ఒకరు ఆపాలి.”

“ఉండొచ్చు. మా అక్క ఏం చేసిందని?”

గుంజ దగ్గర నాగసాని మెడ వెనక్కి వాల్చి గడ్డం పైకెత్తింది. ఉన్నిగుడ్డ తడిసి నల్లగా కనిపించింది. పడవవాళ్ళు తెడ్లు ఎత్తి పట్టుకుని రాయి వైపు చూస్తున్నారు. వాన సరస్సు మీద పడుతున్న చప్పుడు ఒక్కటే.

“మా అమ్మది” అన్నాడు అరిందముడు.

దగ్గరున్న సేనానులు తల దించుకున్నారు. పడవవాళ్ళకు అది వినబడలేదు. వాళ్ళు కదల్లేదు.

“పేరు కావాలి” అన్నాడు కేతన. “ఒడ్డు దాకా వినబడాలి.”

అరిందముడు అప్పుడు తల ఎత్తాడు. కిటికీలో తెల్లటి తల కనిపిస్తోంది, కదలకుండా ఉంది. అతను ఎద్దు తాడు వదిలేశాడు, గుర్రం కళ్ళెం వదిలేశాడు, రెండు చేతులూ నోటికి అటూ ఇటూ పెట్టి సరస్సు ఈ కొస నుంచి ఆ కొస దాకా వినేలా అరిచాడు.

“మా అన్న చిత్రభానుణ్ణి చంపింది రాజమాత మణిమేఖల.”